నీడ కింది గీత

పదీ ఇరవైకి ఉపగ్రహం కొండల మీంచి దాటిపోయింది. చూడటం, ఫోటో తియ్యడం, చక్కా పోవడం, అంతా కలిపి దానికి నిమిషం పని; ఆ నిమిషంలో చూసినదాన్ని కిందికి దించి, తుడిచి, సరిచేసి మా గదిలో ఈ తెర మీదికి తెచ్చేసరికి మాత్రం గంట పడుతుంది. ఆ గంటే ఇప్పుడు నడుస్తోంది. తెర అడుగున ఆకుపచ్చ గీత ఒకటి బెల్లంగడ్డ మీద చీమలా పాకుతూ పన్నెండు శాతం అంటోంది. బొమ్మ ఉత్తరం కొస నుంచి పట్టీలు పట్టీలుగా దిగుతుంది. నాక్కావలసిన నలభై ఒకటో నంబరు దక్షిణం కొసన ఉంది గనక అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. నలభై ఒకటి అంటే ఇంటి నంబరు కాదు, ఖైదీ నంబరూ కాదు, ఒక హిమానీనదం. వేల ఏళ్ళ మంచు గట్టిపడి, కొండ సందులోంచి నాలుక చాపినట్టు కిందికి జారుతూ ఉంటుంది. ఆ నాలుక కొసన పుట్టిన ఏరు పద్నాలుగు కిలోమీటర్లు దిగాక ఒక చిన్న పట్నం. ఆ పట్నానికి నీళ్ళు తోడే పంపుహౌసు ఏటి ఒడ్డున. దాని పక్కన సిబ్బంది ఇళ్ళు పదకొండు. అందులో మూడోది మా తమ్ముడిది. వాడు, మా మరదలు, ఆ పదకొండు ఇళ్ళవాళ్ళు ఇవాళ ఆ ఒడ్డు మీద ఉండొచ్చా, లేచిపోవాలా అన్నది ఈ పాకుతున్న చీమ చెప్పాలి. మబ్బుంటే చెప్పదు. మబ్బుంటే మళ్ళీ అది ఇటు వచ్చేదాకా ఐదు రోజులు.

టీ చల్లారిపోయింది. పైన మీగడ పొర, పొరలో ముడతలు, ముడతల మధ్య ఒక సందు. నలభై ఏళ్ళుగా మంచు అంచులు చూసీ చూసీ నాకు దేన్ని చూసినా అంచే ముందు కనిపిస్తుంది. అద్దంలో చూసుకుంటే జుట్టు ఎంత వెనక్కి తగ్గిందో లెక్క తోస్తుంది. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ అనేది, మీ మంచుకొండలన్నీ కలిపినా మీ నుదురంత వేగంగా వెనక్కి పోవడం లేదండీ అని. నా పని గీత గియ్యడం. మంచు ఎక్కడిదాకా ఉందో ఆ అంచు వెంట, ఏడాదికోసారి. నిరుటి గీతకీ ఈ ఏటి గీతకీ మధ్య ఎంత ఖాళీ వస్తే అంత మంచు పోయినట్టు. ఇంతే విద్య. ఊళ్ళో బడిలో ఎనిమిదిదాకా వెలగబెట్టిన నన్ను పాత సారు పనిలోకి తీసుకున్నది కూడా అందుకే. నీకేం వచ్చు అని అడిగితే, నడుస్తున్న చీమ చుట్టూ దాని కాలికి తగలకుండా గీత గీస్తానండీ అన్నాను. ఆయన నవ్వి, బల్ల మీద చీమని చూపించి గియ్యమన్నాడు. గీశాను. చీమ మధ్యలో ఒకసారి ఆగి, నేను చెయ్యి తిప్పుకోడానికి వీలుగా వెనక కాలు ఎత్తిపట్టుకుంది కూడా. ఇది అబద్ధం కాదు. ఉన్నదాన్ని కొంచెం సాగదీస్తాను, అంతే. మా తమ్ముడు మాత్రం సాగదియ్యడం అనడు. వాడి భాషలో దాన్ని కోతలంటారు. ‘అన్నయ్య నోట్లోంచి పిల్లి వస్తే పులి కింద జమ’ అని వాడు నలుగురిలో అంటాడు, నలుగురూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వాను. ఇన్నాళ్ళూ నవ్వాను.

ఇరవై మూడు శాతం. మొదటి పట్టీ పైన పడింది. ఎండ పడిన మంచు, నీలం నీడలు, మధ్యలో ఎలుక కొరికిన అట్టలా రాళ్ళు. అవి ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లు. నేను చేరినప్పుడు వీటి గీతలు కాగితం నిండా ఉండేవి, ఇప్పుడు రెంటికి గియ్యడానికే ఏమీ లేదు, ఉత్త మచ్చలు. ఆరో నంబరు పోయిన ఏడు పూర్తిగా పోయింది. పోయిందని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టింది నేనే, ఊళ్ళో కరణం చావు రాసినట్టు. మబ్బు లేదు. ఇక్కడ లేకపోతే అక్కడ ఉండదనేం లేదు, దక్షిణం కొసది వేరే బుద్ధి, వేసవి పొడుగునా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నా వెనక బల్ల దగ్గర మేడమ్ కుర్చీ కిర్రుమంది. మా సెక్షన్ ఆఫీసరు ఆవిడ, నా కూతురి వయసుంటుంది. ఎవరు ఏ అంకె చెప్పినా ‘చుక్క తర్వాత ఎంత’ అని అడుగుతుంది కాబట్టి దశాంశం మేడమ్ అని పేరు పెట్టాను. ఆ పేరు పెట్టింది నేనని ఆవిడకి తెలుసు, తెలిసీ నన్ను మాస్టారూ అనే పిలుస్తుంది.  ఫ్యాను తిరుగుతోంది. గోడ మీద ఇరవై ఆరేళ్ళ నలభై ఒకటి వరసగా అంటించి ఉంది, ఇరవై ఆరు బొమ్మలు, ఒకే తల్లి పిల్లల్లా. ఆ గోడకేసి చూడకూడదనుకున్నాను. మెడ అటే తిరుగుతోంది.

పాత సారు చెప్పిన సూత్రం ఒకటే. ‘ఒకే నెల, ఒకే వేళ. ఈ రెండిట్లో ఏది తప్పినా నీ గీతకి విలువ లేదు’ అన్నాడు. నిజమే. చలికాలంలో కొత్త మంచు కురిసి చిక్కినవాడు కూడా కంబళి కప్పుకుని లావుగా కనిపిస్తాడు. వానల్లో మబ్బు. వర్షాలు వెనకబట్టి, పాత మంచు కరిగి, కొత్త మంచు ఇంకా పడని రెండు మూడు వారాలు మాత్రమే హిమానీనదం ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడుతుంది, అప్పుడు కొలవాలి. ఇక వేళ మన చేతిలోది కాదు. ఉపగ్రహం ఎప్పుడొచ్చినా పదీ ఇరవైకే వస్తుంది, నేను చూసిన ఉద్యోగుల్లో అంత టంచనుగా వచ్చేది అదొక్కటే. ఆ సూత్రాన్ని ప్రాణంలా పట్టుకున్నాను. ఒక ఏడు జ్వరంతో ఉంటే కూడా ఆ వారం దాటకూడదని మంకీ టోపీ పెట్టుకొచ్చి గీశాను. అంత నియమంగా ఉన్నాను కాబట్టే మోసపోయాను, ఇది ఎవరికి చెప్పుకోను. నలభై ఒకటికి ఆగ్నేయాన ఒక శిఖరం ఉంది, గొడుగు కొండ అంటాను నేను, వంగి నిలబడుతుంది. ఆ నెలలో పొద్దు కిందినుంచి నడుస్తుంది, పదీ ఇరవైకి ఆ కొండ నీడ సరిగ్గా నాలుక కొస మీద పడుతుంది. ప్రతి ఏడూ అక్కడే. తెల్లటి నాలుక, కొసన కాటుక రాసినట్టు నల్లటి నీడ, నీడ దాటితే గోధుమరంగు రాళ్ళ కట్ట, కట్ట కింద ఏరు. ఒకే నెల, ఒకే వేళ, ఒకే నీడ. నీడలో ఏముందో కనిపించదు. మంచు తెల్లగా ఉంటుంది, రాయి గోధుమరంగులో ఉంటుంది, నీడ నల్లగా ఉంటుంది. నీళ్ళు, లోతైన నిలవనీళ్ళు, పొద్దు వాలుగా ఉన్నప్పుడు పైనుంచి చూస్తే, అవి కూడా నల్లగానే ఉంటాయి.

నలభై ఒకటి నా చేతికొచ్చిన మొదటి ఏడు, ఆ నీడ మీదికి వచ్చాక పెన్ను ఎత్తిన సంగతి ఇవాళ్టికీ గుర్తుంది. అప్పట్లో లైటు బల్ల, దాని మీద ఫిల్ము, ఫిల్ము మీద ట్రేసింగ్ కాగితం, ఎర్ర ఇంకు. చేతి కింద గాజు వెచ్చగా ఉండేది, కోడి పొదిగినట్టు. ఇక్కడ ఏం చెయ్యమంటారు సార్, కనపడటం లేదు అంటే, పాత సారు వంగి చూసి ‘మంచు అక్కడితో ఎందుకు ఆగుతుంది, నీడ కింద కూడా ఉంటుంది, చుక్కల గీత వెయ్యి’ అన్నాడు. చుక్కల గీత అంటే మా పనిలో, చూడలేదు, అనుకుంటున్నాం అని అర్థం. వేశాను. ఏడేళ్ళు చుక్కలే వేశాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, కాగితాలన్నీ అందులోకి ఎక్కించమన్నారు, ఎక్కించింది నేనే. ఆ యంత్రానికి చుక్కలు తెలియవు. గీత ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగొచ్చి మొదటి చుక్కని కలిస్తేగాని లోపలి విస్తీర్ణం చెప్పనంది. సరే అని చుక్కల్ని కలిపేశాను. ఒక మధ్యాహ్నం, అన్నం తిన్న నిద్రమత్తులో, ఏడు గీతల చుక్కలు, ఎంత, పావుగంట పని. అనుకుంటున్నాం అన్నది పోయింది, ఉంది అన్నది మిగిలింది. ఆ తర్వాత ప్రతి ఏడూ నిరుటి గీతని తెర మీద పరిచి, మారిన చోట మాత్రం జరపడమే కదా పద్ధతి. నీడలో మారడం కనపడదు, కాబట్టి జరపలేదు. చుట్టుపక్కలవన్నీ కరిగి చెంబెడై పోతుంటే నలభై ఒకటి మాత్రం ఇరవై ఆరేళ్ళుగా అడుగు కదల్లేదని పుస్తకాల్లోకి ఎక్కింది. స్థిరం. దూరం నుంచి పెద్ద పెద్ద చదువులవాళ్ళు వచ్చి ఆ గోడ ముందు నిలబడి తలలు ఊపారు. నేను పక్కన నిలబడి, అది మా పెరట్లో గేదెలాంటిదండీ, దాని కొట్టంలోంచి లేవదు అన్నాను. జీవితమంతా ఇన్ని కోతలు కోశాను, ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. అందరూ నమ్మింది ఒక్కటే, అది కోత అని నాకే తెలియనిది.

ముప్పై ఎనిమిది. రెండో పట్టీలో మబ్బు. దూది పింజలు, అంచుల కింద వాటి నీడలు. గుండె ఎక్కడో కిందికి జారి, జారిన చోట హాయిగా కూర్చుంది. ఆ హాయిని నేను పట్టుకున్నాను. జేబుదొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. మబ్బుంటే బాగుండని ఒకడు లోపల కోరుకుంటున్నాడు. మబ్బుంటే గీత గీతలాగే ఉంటుంది, ఇరవై ఆరు బొమ్మలు గోడ మీదే ఉంటాయి, ఐదు రోజులు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. వాడికి తమ్ముడు లేడు. వాడికి ఉన్నది పేరు ఒక్కటే. ఎవడ్రా నువ్వు, ఎన్నాళ్ళ నుంచి ఉన్నావిందులో? చెయ్యి చూసుకున్నాను. మధ్యవేలి పక్కన పెన్ను కాయ, ముప్పై ఏళ్ళ కిందటిది, మౌస్ పట్టుకున్నా అరగలేదు. వణకడం లేదు. వణికితే బాగుండేది.

ఏటి ఒడ్డున ఆ ఇళ్ళు కట్టేటప్పుడు పట్నంలో రెండు వర్గాలయ్యాయి. పైన మెరక మీద కట్టాలని ముసలివాళ్ళు, నీళ్ళ పక్కనే పని కాబట్టి ఒడ్డునే ఉండాలని పంపుహౌసువాళ్ళు. ఆ మీటింగులో మా తమ్ముడు లేచి, ‘పైన మంచు కదిలితే ముందు తెలిసేది మా అన్నయ్యకి. ఆయన మాటలు నమ్మొద్దు, నేనే నమ్మను. ఆయన గీత మాత్రం నమ్మండి’ అన్నాడట. మా మరదలు ఫోన్లో చెప్పి మురిసింది. నేను అంతకన్నా మురిశాను. వాడితో ఎప్పుడూ ఒకటే సరదా నాకు, పై నుంచి మీ పెరడు కనిపిస్తోందిరా, మా మరదలు నీ లుంగీ ఉతికి ఆరేసింది, చిరుగు కూడా కనిపిస్తోంది అని. వాడేమో, చిరుగు కుట్టించాను చూడు, ఇప్పుడు కనిపిస్తోందా అని. వాడు కిందటి ఆదివారం ఫోన్ చేశాడు. అంతా బాగుంది అన్నయ్యా, పని తేలికైపోయింది అన్నాడు. ఏంట్రా అంటే, ‘ఏటి నీళ్ళు తేటపడిపోయాయి. ఇదివరకు పాలలా వచ్చేవా, ఫిల్టర్లు రోజు విడిచి రోజు కడిగేవాళ్ళమా? ఈ నాలుగైదేళ్ళ నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పదిహేను రోజులకోసారి కడుగుతున్నాం. అద్దంలా ఉన్నాయనుకో. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అంతా నీ గేదె పుణ్యం’ అన్నాడు. నేను కూడా నవ్వి, ఎన్ని గులకరాళ్ళు లెక్కపెట్టావురా అన్నాను. వాడేదో అంకె చెప్పాడు. ఫోన్ పెట్టేశాను. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాను. మూడో బొత్తం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మంచు కొండని రాస్తుంది. వేల టన్నుల బరువుతో రాతిని పిండి చేస్తుంది, ఆ పిండి కలిసే ఏరు పాలలా వస్తుంది. మంచులోంచి నేరుగా వచ్చే ఏరు తెల్లగానే ఉండాలి. తేటగా వస్తోందంటే పిండి మధ్యలో ఎక్కడో అడుగుకి దిగుతోంది. పిండి దిగాలంటే నీళ్ళు నిలబడాలి. పొయ్యి మీద గిన్నె కదపకుండా పెడితే మడ్డి అడుక్కి దిగుతుందే, అలా, కదలకుండా, ఎంతోకాలం, ఎన్నో నీళ్ళు. ఎక్కడ నిలబడ్డాయి? నేను ఇరవై ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాను కదా. ఎక్కడ నిలబడతాయి, నేను చూడని చోటు ఎక్కడుంటే అక్కడ. మిగిలిన బొత్తాలు పెట్టుకోలేదు. అలాగే వచ్చేశాను ఆఫీసుకి. నిరుడు గీసిన బొమ్మ తీస్తే నీడ పై అంచు కొంచెం మంచు వైపు ఉబ్బి ఉంది. నిరుడు కూడా చూశాను దాన్ని. గొడుగు కొండ ఒళ్ళు చేసింది మేడమ్ అని వేళాకోళం కూడా ఆడాను. అంతకు ముందటి ఏడు, ఇంకొంచెం తక్కువ ఉబ్బు. దానికి ముందటి ఏడు, ఇంకా తక్కువ. నీడ లావెక్కదు. కొండ పెరిగితే తప్ప నీడ పెరగదు.

యాభై ఎనిమిది. మబ్బు పట్టీ దాటింది. మళ్ళీ ఎండ. ఇటూ కాదు అటూ కాదు, ఆడుకుంటోంది నాతో. వేసవిలో పొద్దు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది, గొడుగు కొండ నీడ దాని కాళ్ళ దగ్గరే ముడుచుకుంటుంది, అప్పుడు తీసిన బొమ్మ ఒక్కటి కావాలి అని పాతవన్నీ తవ్వాం నేనూ మేడమూ. వేసవి బొమ్మలు మేమెప్పుడూ తెరవం, సూత్రం. తెరిస్తే అన్నీ మబ్బే, తెల్లటి గోడలు. ఆరేళ్ళ కిందటి ఒకదాన్లో మాత్రం మబ్బుకి చిల్లు. చిల్లులోంచి గోరంత మేర, మంచూ కాదు, రాయీ కాదు, నెమలి మెడ రంగు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

‘నీళ్ళేనా మాస్టారూ?’

‘నీళ్ళేనమ్మా.’

‘ఎంత ఉంటుంది?’

‘చిల్లంత కనిపిస్తోంది. చిల్లు పక్కన ఎంతుందో మబ్బుకి తెలియాలి.’

‘ఆరేళ్ళ కిందటి చిల్లు పట్టుకుని పట్నం ఖాళీ చేయించమంటే పైవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. ఈ వేసవి బొమ్మ ఒక్కటి శుభ్రంగా రానివ్వండి, నేనే చెప్తాను’ అంది. ఆవిడ తప్పేం లేదు. తర్వాత మొన్న నేనే తమ్ముడికి ఫోన్ చేశాను, పైన నీళ్ళు నిలిచాయిరా అని. కంగారులో, సముద్రమంత అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో నాకు తెలియదు. నోటికి అలవాటు, చిన్నది పట్టదు. వాడు పడీ పడీ నవ్వాడు. ‘ఏమేవ్, అన్నయ్య కొండ మీద సముద్రం పెట్టాడు, రేపు ఓడ కూడా పంపిస్తాడట’ అని మా మరదలికి వినిపించాడు. ఆవిడ, ‘చేపలు కూడా పంపమనండి బావగారిని’ అంది. ‘కాదురా, నిజంగా’ అన్నాను. ‘నిజంగానే కదా ఎప్పుడూ చెప్తావు’ అన్నాడు వాడు. వాడి తప్పూ లేదు. యాభై ఏళ్ళు వాణ్ణి నేనే తయారుచేశాను. మా ఊరి చెరువులో తాబేలు నా చెప్పు తొడుక్కుని వెళ్ళిపోయిందంటే ఏడేళ్ళప్పుడు నమ్మి, రెండు రోజులు గట్టున కూర్చున్నాడు చెప్పు వెనక్కి తెస్తుందని. అమ్మ ఆ రెండో చెప్పుతోనే నన్ను కొట్టింది. అప్పుడు వాడు ఏడ్చి, ఇంకెప్పుడూ నిన్ను నమ్మను అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు.

ఎనభై ఒకటి. ముప్పై మూడు నుంచి ముప్పై తొమ్మిది నంబర్లు. మబ్బు లేదు. నీలం. కళ్ళు మూసుకున్నాను, మూసుకున్నా రెప్పల లోపల గీతలు, ఎర్రవి, ఏటికేడు లోపలికి లోపలికి జరిగే గీతలు, ఎవరో తాడు బిగిస్తున్నట్టు. పాత సారు చివరిరోజుల్లో ఆస్పత్రి మంచం మీద అడిగాడు, నలభై ఒకటి ఎలా ఉందయ్యా అని. కులాసాగా ఉంది సార్ అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఒక్కటైనా మిగిలింది అన్నాడు. అప్పటికే నీడలో గంగాళమంత చేరి ఉంటుంది. మేము మాట్లాడుకుంటున్నప్పుడు, నేను జ్వరంలో గీస్తున్నప్పుడు, మరదలు బట్టలు ఆరేస్తున్నప్పుడు, అక్కడ చప్పుడు లేకుండా, చుక్క పక్కన చుక్క. నేను ఊహించి చుక్కల గీత వేసిన చోటే అది తన గీత తాను వేసుకుంది.

‘మాస్టారూ’ అంది మేడమ్.

కళ్ళు తెరిచాను. ఆఖరి పట్టీ పైనుంచి కిందికి విచ్చుకుంటోంది, ఎవరో చాప పరుస్తున్నట్టు. నలభై ఒకటి పై భాగం, నునుపుగా, తెల్లగా. మబ్బు లేదు. పిడికెడు కూడా లేదు. నాలుక సన్నబడుతూ దిగింది, నా గీత తెర మీద ఎర్రగా పరిచే ఉంది, దాని వెంట చూపు దిగింది. గొడుగు కొండ నీడ మొదట్లోనే ఆగిపోయింది, గోరంత. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నాలుక కొస ఎండలో పడింది. నాలుక లేదు. నా గీత లోపల సగం దూరంలోనే మంచు తెగిపోయి ఉంది, కత్తితో కోసినట్టు నిట్టనిలువు గోడ, గోడ కింద నుంచి రాళ్ళ కట్ట దాకా అదే, నెమలి మెడ రంగు, నిండుగా, అలికినంత నున్నగా. గీత ఎంత చక్కగా ఉందంటే, కట్ట ఒంపు వెంట ఎక్కడా తొణక్కుండా, ఇరవై ఆరేళ్ళుగా నేను ఆ చెరువుకే చుట్టూ గట్టు గీస్తున్నట్టుంది.

దగ్గరికి లాగి చూశాను.  చెరువు నిండా తెల్లటి చుక్కలు, విరిగిపడిన మంచు ముక్కలు, ఒక్కొక్కటీ మా ఆఫీసంత ఉంటుంది. ఇది సాగదీసింది కాదు, కొలిచాను. అవన్నీ కట్టకి ఒక మూలకి కొట్టుకొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆ మూలే ఏరు బయటికి పోయే దారి. దారి మూసుకుని ఉంది. కట్ట బయటి వాలు మీద, పొడిగా గోధుమరంగులో ఉండాల్సిన రాళ్ళ మీద, ఒక నల్లటి మరక, పై నుంచి కిందికి, తడి గోడ మీద చెమ్మలా. అలాంటిది ఇంకొకటి. మూడోది సన్నగా. నీళ్ళ చుట్టూ గీత గీశాను, ఎక్కడా చుక్కలు వెయ్యలేదు, అంతా కనపడుతోంది. మొదటి చుక్కని కలిపాను. పొడవు పదకొండు వందల మీటర్లు, వెడల్పు మూడు వందలు అంది యంత్రం. చుక్క తర్వాత ఎంతో మేడమ్ అడగలేదు. ఆవిడ అప్పటికే లేచి నిలబడి ఉంది, ఒక చేతిలో ఫోను, ఇంకో చెయ్యి నా కుర్చీ వీపు మీద.

‘నేను పైవాళ్ళకి చేస్తాను. మీరు మీ తమ్ముడికి చెయ్యండి. వాళ్ళ ఉత్తర్వులు వచ్చేదాకా ఆగద్దు.’

మూడుసార్లు మోగింది. పంపుహౌసు ఫోను, వాడే ఎత్తాడు, వెనక మోటార్ల హోరు.

‘ఆఁ, అన్నయ్యా! ఏంటి, బయల్దేరిందా ఓడ?’

‘నీళ్ళున్నాయిరా పైన. పదకొండు వందల మీటర్లు పొడవు. వెడల్పు మూడొందలు.’

‘ఆఁ. తర్వాత?’

‘తర్వాత ఏం లేదు. అంతే.’

‘అదేంటి, సముద్రం ఇంత చిక్కిపోయింది? చేపలేవి? తిమింగిలాలేవి?’

‘లేవురా. నీళ్ళే. ఏరు వచ్చే దారి మంచు గడ్డలతో మూసుకుపోయింది. కట్టకి మూడు చోట్ల చెమ్మ దిగుతోంది. మీరంతా మెరక మీదికి వెళ్ళండి.’

వాడు నవ్వడానికి గొంతు సవరించుకున్నాడు. నవ్వు రాలేదు. మోటార్ల హోరు మధ్య వాడి ఊపిరి వినపడింది. నేను ఇంకేదైనా కలుపుతానని ఆగాడు, ఒక ఏనుగో, ఒక పర్వతమో. కలపడానికి నా దగ్గర ఏమీ లేదు.

‘అన్నయ్యా, నీ గీత కదల్లేదు కదా?’

‘నా గీత తప్పురా.’

‘ఏంటీ?’

‘తప్పు గీశాను. మొదటి నుంచీ. చూడకుండా గీశాను.’

యాభై ఏళ్ళలో నేను వాడితో అనని మాట అది. చెంప కింద ఫోను చెమటకి జారుతోంది.  ‘ఎంత టైముంది?’ అన్నాడు వాడు, చిన్నప్పటి గొంతుతో.

‘తెలీదు.’

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది. పెట్టెయ్యలేదు, పక్కన పెట్టాడు. ఏం చేస్తున్నాడో తెలియలేదు. టక్‌మని స్విచ్చు, హోరులో ఒక పొర ఊడిపోయింది. మళ్ళీ టక్. ఇంకో పొర. పంపులు ఆపుతున్నాడు. పట్నానికి నీళ్ళు తోడే పంపులు ఒక్కొక్కటే ఆపుతున్నాడు, ఎందుకు, ఎందుకురా అంటున్నాను నేను, వినేవాడు లేడక్కడ. ఆఖరిది ముక్కుతూ, మూలుగుతూ నెమ్మదించి ఆగింది. అప్పుడు అర్థమయింది, వాడు ఏటిని వింటున్నాడు. నేనూ ఫోనుని చెవికి అదుముకుని విన్నాను. ఏటికి పది గజాల్లో ఉన్న గది, తలుపులు బార్లా తీసి ఉండే గది. గోడ గడియారం వినపడింది. ఎక్కడో ఒక కుళాయి చుక్క వినపడింది. అంతకుమించి ఏమీ లేదు. ఏరు పారడం లేదు. పైన దాన్నేదో పట్టుకుని ఉంది.

కుర్చీ ఒకటి వెల్లకిలా పడింది. తమ్ముడు మా మరదల్ని పిలిచిన కేక, అంత పెద్ద కేక వాడి గొంతులో ఉందని నాకు తెలియదు. తర్వాత ఇనప మెట్ల మీద పరుగు. ముందు ఒక్క మనిషిది. ఆ తర్వాత చాలామందిది.